ఆ కాలమ్ నిండా సున్నాలే

ఎడిటర్ గారికి నమస్కారం.

ఎక్కడైనా భూమి కాస్త కదిలిందంటే చాలు మర్నాడు మన పేపర్లన్నిట్లో ఒక రంగుల మ్యాప్ పడుతుంది, ఎరుపు, నారింజ, పసుపు, పక్కన మన ఊరు ఏ జోన్‌లో ఉందో ఒక బాక్స్ ఐటమ్, దాన్ని ఫొటో తీసి మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టి "సార్ మీరు ఇంజినీర్ కదా, మనకి డేంజరా కాదా ఒక్క ముక్కలో చెప్పండి" అంటారు. ఒక్క ముక్కలో చెప్పలేకే ఈ ఉత్తరం రాస్తున్నా, పొడుగైతే మీరే కత్తెర వేసుకోండి.

నేను విజయవాడలో బిల్డింగులకి స్ట్రక్చరల్ డిజైన్ చేస్తా, వారానికి రెండ్రోజులు ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఫైనల్ ఇయర్ పిల్లలకి పాఠాలు చెప్తా. 2024 డిసెంబర్ 4 పొద్దున 7:27కి ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది గుర్తుందా, ఆ టైమ్‌కి నేను నాలుగో అంతస్తులో మా వంటింట్లో పాలు కాస్తున్నా. గిన్నెలో పాలు ఒక పక్క అంచు దాకా వెళ్లి మళ్లీ రెండో పక్కకి వచ్చాయి, పొంగు కాదు, పొయ్యి ఇంకా సిమ్‌లోనే ఉంది. ములుగు ఎక్కడ, మేమెక్కడ, గీత గీసినట్టు కొలిచినా రెండొందల కిలోమీటర్ల పైమాటే. హైదరాబాద్‌కీ ఇంచుమించు అంతే దూరం, అక్కడా ఊగింది. మన కిందున్న పాత గట్టి రాయిలో కుదుపు అంత త్వరగా చావదు, చాలా దూరం ప్రయాణం చేస్తుంది, కాలిఫోర్నియా లెక్కలు తెచ్చి ఇక్కడ వేస్తే కుదరకపోవడానికి అదే కారణం.

ఆ రోజు క్లాసులో పాఠం ఎవరు వింటారు, అందరిదీ అదే మాట. సరే మాటలెందుకు, ఈ భూకంపాన్ని సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించి మన ఊరి లెక్క ఎంత మారుతుందో చూద్దాం పదండి అన్నా. ఓపెన్‌క్వేక్ అని ఒకటుంది, ఇటలీలో పావియా అనే ఊళ్లో ఉన్న గ్లోబల్ ఎర్త్‌క్వేక్ మోడల్ సంస్థ తయారుచేసి ప్రపంచానికంతా ఫ్రీగా ఇస్తోంది, మామూలు లాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. ముందే చెప్తున్నా, ఇది రేపు భూకంపం వస్తుందా రాదా అని జోస్యం చెప్పేది కాదు. యాభై ఏళ్లలో పది శాతం ఛాన్స్‌తో ఈ చోట ఎంత ఊపు దాటొచ్చు అని లెక్క కడుతుంది, దాన్నే 475 ఏళ్లకోసారి వచ్చే ఊపు అని రాస్తారు, జనం అది చదివి ఓహో ఇంకా 475 ఏళ్లు టైముంది అనుకుంటారు, అదొక గోల.

ఈ సాఫ్ట్‌వేర్‌కి మనం పెట్టే మేత మీదే అంతా ఉంది. పాత భూకంపాల జాబితా ఒకటి, దాన్ని మేం కేటలాగ్ అంటాం, లైనుకో భూకంపం, తేదీ, టైమ్, అక్షాంశం, రేఖాంశం, లోతు, మాగ్నిట్యూడ్. ములుగుది కలపాలంటే అందులో ఒక్క లైన్ కలపాలి, అయిదు నిమిషాల పని అనుకున్నాం, రెండ్రోజులు పట్టింది.

ఏమైందంటే ఒకబ్బాయి ఢిల్లీ నేషనల్ సెంటర్ ఫర్ సిస్మాలజీ లిస్టు నుంచి 7:27 అని ఎక్కించాడు, ఇంకో అమ్మాయి విదేశీ లిస్టు నుంచి 1:57 అని ఎక్కించింది. రెండూ ఒకటే, మొదటిది మన టైము, రెండోది గ్రీనిచ్ టైము, అయిదున్నర గంటల తేడా. కాసేపు మా కంప్యూటర్లో ములుగు అడవిలో ఒకే పొద్దున రెండు పెద్ద భూకంపాలు వచ్చేశాయి. తమాషా ఏంటంటే పెద్దదాని వెనకాల వచ్చే ఆఫ్టర్‌షాకుల్ని ఏరిపారేసే స్టెప్ ఒకటుంటుంది, అది రెండోదాన్ని మొదటిదాని పిల్ల అనుకుని తీసేసింది, అంటే మా తప్పుని ఇంకో లెక్క కప్పేసింది, మేం బయటపడ్డాం కానీ ఆ స్టెప్ వేయనివాడి పని ఏంటి? తర్వాత లోతు. ములుగుది 40 కిలోమీటర్ల లోతున పుట్టింది, మావాడు 10 అని కొట్టాడు, ఎందుకురా అంటే పైన లైన్లన్నీ 10 అనే ఉన్నాయి సార్ అన్నాడు. నిజమే, లోతు సరిగ్గా తేలనప్పుడు 10 అని ఫిక్స్ చేసేసి మిగతా లెక్క కట్టడం అన్ని దేశాల్లో ఉన్న అలవాటే, కాబట్టి జాబితాలో 10 కనబడితే అది చాలాసార్లు కొలిచింది కాదు, పెట్టుకున్నది. అంత దూరం తెలిసినా పెద్దగా ఏదీ కూలకపోవడానికి ఆ 40 కిలోమీటర్ల లోతు కూడా ఒక కారణం, అదే 10లో పుట్టుంటే పైన ఉన్న ఊళ్ల సంగతి వేరే.

ఇంకోటి, మా పిల్లలు గ్రాఫ్ గీసి "సార్ 2000 తర్వాత భూకంపాలు బాగా పెరిగాయి" అని ఖంగారు పడ్డారు, మీ రిపోర్టర్లూ ఇదే రాస్తుంటారు. పెరిగింది భూకంపాలు కాదు, మెషీన్లు. పులిచింతల దగ్గర 2020 జనవరిలో 4.6ది వచ్చినప్పుడు, అదే ఏడాది అక్టోబర్‌లో హైదరాబాద్ బోరబండలో జనం శబ్దాలకి రోడ్ల మీదికొచ్చినప్పుడు, పక్కనే ఎన్‌జీఆర్‌ఐ, అంటే హైదరాబాద్‌లో భూమి లోపలి సంగతులు పరిశోధించే సంస్థ, వాళ్ల పరికరాలు ఉన్నాయి కాబట్టి ఒకటిన్నర లోపు చిటికెలు కూడా లెక్కలోకొచ్చాయి. వందేళ్ల కింద అలాంటివి వస్తే రాసేవాడు ఎవడు? అందుకే ఏ సైజు భూకంపం ఏ సంవత్సరం నుంచి నమ్మకంగా రికార్డవుతోందో ముందు తేల్చి, దానికి ముందువి లెక్కలోంచి తీసేయాలి, ఈ పని చేయకపోతే సాఫ్ట్‌వేర్ ఏం అనదు, మెదలకుండా తప్పు జవాబు ఇస్తుంది. అన్నట్టు ములుగు భూకంపానికి మూడు నెలల ముందు అదే జిల్లా తాడ్వాయి అడవిలో గాలికి వేల చెట్లు కూలాయి, అది దీనికి ముందస్తు సూచన అని నాకు కనీసం పదిమంది ఫార్వర్డ్ చేశారు. కేటలాగ్‌లో చెట్లకి కాలమ్ లేదండీ.

సరే అన్నీ దిద్ది రన్ కొట్టాం. జాబితాలో 1967లో ఒంగోలుది, 1969 ఏప్రిల్‌లో భద్రాచలంది 5.7, ఇప్పుడు ములుగుది ఉన్నాయి. భద్రాచలం, ములుగు రెండూ గోదావరి లోయలోవే, రెండింటి మధ్య 55 ఏళ్లు. ఇంత హడావిడి చేసి ఎక్కించిన ఆ లైన్ వల్ల విజయవాడ లెక్క ఎంత మారిందంటే చెప్పుకోడానికి కూడా లేదు, రంగు మారలేదు. పిల్లల మొహాలు వాడిపోయాయి.

అసలు కథ ఇంకో ఫైల్‌లో ఉంది, దాని గురించి ఏ పేపర్లోనూ నాకు కనబడలేదు, అందుకే ఈ ఉత్తరం.

దాన్ని సైట్ ఫైల్ అంటారు. ఊరిని కిలోమీటరుకో చుక్క చొప్పున గళ్లు చేసి, ప్రతి చుక్క దగ్గరా కింద నేల ఎంత గట్టిదో ఒక నంబర్ ఇవ్వాలి. పై 30 మీటర్ల మట్టిలో అడ్డంగా ఊగే అల సగటున ఎంత స్పీడుతో పోతుందో ఆ నంబర్, దాని పేరు వీఎస్30. గట్టి రాయి అయితే సెకనుకి 760 మీటర్లు, ఆ పైన, మెత్తటి ఒండ్రుమట్టి అయితే 200, 250. అల నెమ్మదించిన చోట ఊపు పెరుగుతుంది, కాలవలో నీళ్లు ఇరుకులో ఉబ్బినట్టు అనుకోండి.

మొదటిసారి ఈ ఫైల్ తయారుచేసినప్పుడు మా వాళ్లు అక్షాంశం రేఖాంశం తారుమారు చేశారు, ఈ సాఫ్ట్‌వేర్ ముందు రేఖాంశం అడుగుతుంది, మనకేమో ముందు అక్షాంశం చెప్పడం అలవాటు. 16.5, 80.6 అని కొట్టేసరికి మా బెజవాడ మొత్తం ఉత్తర ధ్రువం దిక్కున, నార్వేకి పైన మంచు సముద్రంలో తేలింది, దగ్గర్లో ఏ భూకంపం మూలమూ లేదని సాఫ్ట్‌వేర్ మొరాయించింది. ఇది నయం, కనీసం మొరాయించింది. రెండోసారి ఇంకా ఘోరం, వీఎస్30ని 760 నుంచి 250కి మార్చి రన్ చేస్తే జవాబు ఒక్క పాయింట్ కూడా కదల్లేదు. ఒక పూటంతా బుర్ర గోక్కున్నాక తెలిసింది, ఎంత దూరానికి ఎంత ఊపు అని చెప్పే ఈక్వేషన్లు కొన్ని కేవలం గట్టి రాయి కోసమే రాశారు, వాటికి వీఎస్30 కాలమ్‌తో పనే లేదు, నువ్వు ఏ నంబర్ ఇచ్చినా చూడవు. మేం ఎంచుకున్నది అలాంటిదే. డేటా ఎక్కింది, ఎర్రర్ లేదు, మ్యాప్ వచ్చింది, కానీ ఆ డేటాని ఎవరూ చదవలేదు. మన ఆఫీసుల్లో అర్జీ లాగా.

ఈక్వేషన్ మార్చాక చూడాలి. అదే ఊరు, అవే భూకంపాలు, నేల ఒక్కటే మారింది, రాయి మీదకన్నా మెత్తటి నేల మీద ఊపు ఒకటిన్నర రెట్లు దాటింది, నాలుగైదు అంతస్తుల బిల్డింగులు ఊగే తీరు దగ్గరికొస్తే దాదాపు రెట్టింపు. ములుగు భూకంపం కలిపితే కదలని మ్యాప్ మట్టి మారిస్తే కదిలింది. మా మొగల్రాజపురం కొండ పక్కన ఇల్లూ, పటమటలో ఇల్లూ, మధ్య ఆటోకి పది నిమిషాలు, భూకంపాల కోసం రాసిన 2016 డిజైన్ కోడ్ ప్రకారం రెండూ జోన్ 3, ఊపు లెక్కకి రెండింటికీ 0.16 అనే ఒకటే నంబర్, కింద నేల మాత్రం ఒకచోట రాయి, ఒకచోట కృష్ణమ్మ తెచ్చి పోసిన మట్టి.

ఇప్పుడు టైటిల్ సంగతి. ఆ సైట్ ఫైల్‌లో వీఎస్30 పక్కనే ఇంకో కాలమ్ ఉంటుంది, ఈ నంబర్ నిజంగా కొలిచావా ఊహించావా అని అడుగుతుంది, కొలిస్తే 1, ఊహిస్తే 0. ఎవరు పెట్టారో గానీ నాకు ఆ సాఫ్ట్‌వేర్ మొత్తంలో నచ్చింది ఆ ఒక్క కాలమే. మా ఫైల్‌లో ఊరు మొత్తానికి పైనుంచి కింద దాకా 0, 0, 0, 0. ఒక అమ్మాయి మౌస్ తిప్పుతూ "సార్ ఒక్క ఒకటి కూడా లేదా" అంది.

మరి ఆ నంబర్లు ఎక్కణ్ణుంచి వచ్చాయంటే శాటిలైట్ చూసిన నేల వాలు నుంచి. వాలు ఎక్కువుంటే కొండ, అంటే రాయి, చదునుగా ఉంటే మెత్తటి మట్టి అనే లెక్క, ఏమీ లేనిచోట ఇది పనికొస్తుంది, కాదనను. కానీ హైదరాబాద్ చూడండి, చదునుగా ఉన్న చోట కూడా కొద్ది అడుగులు తవ్వితే గ్రానైట్ తగులుతుంది, ఈ లెక్క దాన్ని మెత్తటి నేల అంటుంది. అదే హైదరాబాద్‌లో చెరువు పూడ్చి, పైన మొరం పోసి, లేఅవుట్ వేసిన చోటు ఉందనుకోండి, అది నిజంగా మెత్తటిదే, శాటిలైట్‌కి మాత్రం పక్క వీధిలాగే కనబడుతుంది. అంటే భయపడక్కర్లేని చోట భయపెడుతుంది, భయపడాల్సిన చోట కూడా పక్కవీధి నంబరే ఇచ్చి చేతులు దులుపుకుంటుంది.

ఇక్కడే నా కడుపు మంట. మట్టి కొలిచిన కాయితాలు మన దగ్గర లేవా అంటే గుట్టలు గుట్టలుగా ఉన్నాయి. ఒక మోస్తరు అపార్ట్‌మెంట్ కట్టాలన్నా సాయిల్ టెస్ట్ చేయిస్తారు. ట్రైపాడ్ నిలబెట్టి, బోర్ వేసి, 63.5 కేజీల సుత్తి 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ, పైపు 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కపెట్టి రాస్తారు, దాన్నే ఎన్ వాల్యూ అంటాం. మా పిల్లల్ని ఒక సైట్‌కి తీసుకెళ్లా, నాలుగు మీటర్ల దగ్గర ఆరు దెబ్బలకే దిగిపోయింది, సుత్తి వదిలే కుర్రాడు నవ్వి "వెన్నపూసండి ఇది" అన్నాడు. ఆ ఆరు అనే అంకె బోర్ లాగ్‌లో ఎక్కింది, బోర్ లాగ్ రిపోర్ట్‌లో ఎక్కింది, రిపోర్ట్ పర్మిషన్ ఫైల్‌లో స్కాన్ కాపీగా ఎక్కింది, అక్కడితో దాని ఆయుష్షు అయిపోయింది. మళ్లీ ఎవడూ చూడడు. పక్క స్థలం వాడు అదే మట్టికి మళ్లీ డబ్బులిచ్చి మళ్లీ బోర్ వేయిస్తాడు.

ఉన్నమాట చెప్పాలి, ఎన్ వాల్యూ నుంచి వీఎస్30 కట్టినా అది ఇంకో ఫార్ములా మీద ఊహే, ఆ కాలమ్‌లో 0 పోయి 1 రాదు. బోర్లు కూడా చాలావరకు 30 మీటర్ల దాకా వెళ్లవు, పదీ పదిహేను మీటర్ల దగ్గర ఆపేస్తారు. నిజంగా 1 పడాలంటే నేల కదలికని పట్టే జియోఫోన్లు వరసగా పరిచి, నేల మీద సమ్మెట కొట్టి అల స్పీడు కొలిచే టెస్ట్ చేయాలి, దాన్ని మాస్వ్ అంటారు, ఒక చోటికి ఒక పూట పని, పెద్ద ఖర్చు కూడా కాదు. కానీ శాటిలైట్ చూసి అనుకున్న సున్నా కన్నా సుత్తితో కొట్టి చూసిన సున్నా నయం కదా.

మా చేతిలో ఉన్నవీ స్నేహితులు ఇచ్చినవీ కలిపి ముప్ఫై పైచిలుకు రిపోర్టులు పోగేశాం, పేర్లు తీసేసి. ఎక్కిస్తుంటే రెండు రిపోర్టుల దగ్గర ఆగాం. రెండు సైట్ల మధ్య దూరం మూడు కిలోమీటర్లు, ఓనర్లు వేరు, తేదీల మధ్య ఏడాది తేడా, ఎన్ వాల్యూలు మాత్రం ప్రతి లోతులోనూ అచ్చు గుద్దినట్టు అవే, నీళ్లు తగిలిన లోతు కూడా సెంటీమీటర్‌తో సహా అదే. ఒకచోట బోర్ వేశారు, రెండోచోట జిరాక్స్ వేశారు. చేసినవాళ్లెవరో చెప్పను, నాకు ఆ గొడవ అక్కర్లేదు, కానీ రెండోచోట ఇప్పుడు అయిదంతస్తులు లేచి జనం కాపురాలు చేస్తున్నారు. ఇలాంటివి ఫైల్లో ఉన్నంతకాలం బయటపడవు, ఒక్క మ్యాప్ మీద పక్కపక్కన పెట్టిన నిమిషంలో బయటపడతాయి. మా డిజైన్ ఇంజినీర్లూ తక్కువేం కాదు లెండి, డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో నేల రకం అడిగే చోట గట్టిదైతే 1, మధ్యరకమైతే 2, మెత్తదైతే 3 కొట్టాలి, పాత ప్రాజెక్ట్ ఫైల్ కాపీ చేసుకుని అందులో ఉన్న 2 అలాగే వదిలేసేవాళ్లు ఎంతమందో. నేనూ చేశా, కొత్తలో.

ఇది ఇంత పట్టించుకోవాలా అంటే అహ్మదాబాద్ గుర్తుచేసుకోండి. 2001 జనవరి 26న భూకంపం పుట్టింది భుజ్ వైపు, అహ్మదాబాద్‌కి రెండొందల కిలోమీటర్ల పైన, ఇంచుమించు మాకు ములుగు ఎంతో అంత. అక్కడ అపార్ట్‌మెంట్లు కూలాయి, కింద పార్కింగ్ కోసం ఖాళీ స్తంభాల మీద నిలబెట్టినవే ఎక్కువ, నది పాత దారుల్లో మెత్తటి ఒండ్రు మీద కట్టినవి బాగా దెబ్బతిన్నాయి. ములుగుది 5.3, అది 7.7, పోలిక లేదు, నిజమే, దాని శక్తి కొన్ని వేల రెట్లు. నేను చెప్పేది దూరం గురించీ మట్టి గురించీ. స్టిల్ట్ పార్కింగ్ మీద లేచిన అపార్ట్‌మెంట్లు బెజవాడలో ఏ వీధిలో లేవు? నష్టం లెక్కకి బిల్డింగుల డేటా కూడా వేయాలి, అది మన దగ్గర 2011 జనాభా లెక్కలదే, అందులో గోడ దేంతో కట్టారు, కప్పు దేంతో వేశారు అని ఉంటుంది, కింద అంతస్తులో గోడలున్నాయా వట్టి స్తంభాలేనా అని ఉండదు. 2014 తర్వాత మా చుట్టుపక్కల లేచిన ఊరు సాఫ్ట్‌వేర్‌కి తెలియనే తెలియదు, దాని దృష్టిలో అక్కడ ఇంకా వరి చేలు, అరటి తోటలే.

న్యూజిలాండ్‌లో క్రైస్ట్‌చర్చ్ 2011 ఫిబ్రవరిలో దెబ్బతిని 185 మంది పోయాక, అక్కడి ఇంజినీర్లు ఎవరి బోర్ లాగులు వాళ్లు దాచుకోకుండా ఒకచోట పెట్టే డేటాబేస్ వచ్చింది, తర్వాత దాన్ని దేశం మొత్తానికీ పెంచారు. జపాన్‌లో ప్రభుత్వ పనుల బోర్ లాగులు ఎవరైనా చూసుకోవచ్చు. మన దగ్గర మ్యాప్ ఎప్పుడు మారిందో చూడండి, 1967లో మహారాష్ట్రలో కోయినా భూకంపం వచ్చాక ఒకసారి, 1993లో అదే రాష్ట్రంలో కిల్లారి భూకంపం వచ్చాక ఒకసారి. కిల్లారి అప్పటి మ్యాప్‌లో జోన్ 1, అన్నిటికన్నా భయం లేని ప్రాంతం, తెల్లవారుజామున నాలుగు గంటలకి పదివేల మంది దాకా మట్టితో పేర్చిన రాతి గోడల కింద పోయాక 2002 కోడ్‌లో జోన్ 1 అనేదే ఎత్తేశారు.

నేను అడిగేది పెద్ద బడ్జెట్ పనేం కాదు. బిల్డింగ్ పర్మిషన్లు రెండు రాష్ట్రాల్లోనూ ఆన్‌లైన్‌లోనే ఇస్తున్నారు కదా, సాయిల్ రిపోర్ట్ స్కాన్ కాపీతో పాటు ఒక చిన్న పట్టిక కూడా ఎక్కించమనండి, బోర్ వేసిన చోటు అక్షాంశం రేఖాంశం, లోతు, ఎన్ వాల్యూ, మట్టి రకం, నీళ్లు తగిలిన లోతు, తేదీ, బోర్ దగ్గర ట్రైపాడ్‌తో తీసిన ఒక ఫొటో. ఓనర్ పేరు వద్దు, డోర్ నంబర్ వద్దు. అది అందరూ డౌన్‌లోడ్ చేసుకునేలా పెట్టమనండి, మిగతాది కాలేజీల్లో పిల్లలు చేస్తారు, నాది హామీ. మునిసిపల్ స్కూళ్ల గ్రౌండ్లలో సెలవు రోజున మాస్వ్ టెస్ట్ చేసుకోనిస్తే కొన్ని నెలల్లో ఊరికి కనీసం కొన్ని చోట్లయినా 1 పడుతుంది.

ఈ మాట ఒక మీటింగ్‌లో అంటే ఒక బిల్డర్ లేచి "నా డబ్బులతో వేయించిన బోర్ నేనెందుకు ఊరికే ఇవ్వాలి" అన్నాడు, ఇంకొకాయన "ఫలానా వీధి నేల మెత్తన అని మ్యాప్‌లో పెడితే స్థలాల రేట్లు పడిపోతాయి" అన్నాడు. మొదటాయనకి నా దగ్గర జవాబుంది, పక్కవాడి బోర్ నువ్వూ చూసుకుంటావు కదా అని. రెండో ఆయన మాట నిజమే, పడతాయి. పడితే పడనివ్వండి, మెత్తటి నేల మీద కట్టకూడదని ఎవరూ అనట్లేదు, గట్టి నేల దాకా పైల్స్ అనే లోతు స్తంభాలు దింపి కట్టు, ఖర్చు ఎంతో ముందే తెలుసుకుని కొనుక్కో అంటున్నాం. రేటు గురించి భయపడి మట్టి సంగతి దాస్తే ఫ్లాట్ కొన్నవాడికి లోన్ కట్టడం ఒక్కటే తెలుస్తుంది.

మీకు ఒక చిన్న మనవి. ఈసారి మీ పేపర్లో ఆ రంగుల మ్యాప్ వేసినప్పుడు కింద ఒక్క లైన్ కలపండి, ఇందులో నేల కొలిచిన చోట్లు ఎన్ని, ఊహించిన చోట్లు ఎన్ని అని. ఆ మ్యాప్ ఇచ్చినవాళ్లని ఫోన్ చేసి అడిగితే చెప్తారు, సైట్ ఫైల్ తెరిచి ఆ కాలమ్ కూడితే చాలు, మా ఊరిది కూడడానికి మాకు కాలిక్యులేటర్ కూడా అవసరం రాలేదు.

ఇట్లు
ఒక స్ట్రక్చరల్ ఇంజినీర్, విజయవాడ